గంటకెంత? చేతికెంత?

అమెరికాలో కాంట్రాక్టు మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు సంపాదనను నెలల్లో కాదు, గంటల్లో కొలుస్తారు. క్లయింటు ఇచ్చే ఆ గంట రేటు ఇంజినీరు బ్యాంకు ఖాతాకు చేరేలోపు ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది. ఎవరి వాటా ఎంత, ఎక్కడ బేరమాడొచ్చు, ఎక్కడ మొహమాటపడితే మునిగిపోతాం... ఆ లెక్కల లోగుట్టు ఇది.

'అబ్బాయి డాలస్‌లో ఉంటాడండీ. కన్సల్టెన్సీ తరఫున ఓ పెద్ద బ్యాంకులో ప్రాజెక్టు చేస్తున్నాడు.'

ఈ మాట వినని తెలుగు ఇల్లు ఉండదేమో. విన్నవాళ్లలో ఎక్కువమంది అనుకునేది ఒకటే... అబ్బాయికి ఆ బ్యాంకు జీతమిస్తుందని. నిజానికి ఆ బ్యాంకు జీతాల పట్టికలో అతని పేరే ఉండదు. పొద్దున్నే వెళ్లి కూర్చునేది బ్యాంకులో, పని చెప్పేది బ్యాంకు మేనేజరు, జీతం చెక్కు ఇచ్చేది మాత్రం న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఉండే ఓ చిన్న కంపెనీ. ఆ రెండింటి మధ్యా ఇంకో ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఇంజినీరు గంట పనికి బ్యాంకు ఎంత ఇస్తోందో చాలాసార్లు ఇంజినీరుకే తెలియదు!

మన కూరగాయల మార్కెట్‌తో పోల్చుకుంటే ఈ వ్యవహారం తేలిగ్గా అర్థమవుతుంది. మదనపల్లె రైతు అమ్మిన టమాటా ధరకూ, హైదరాబాద్‌లో మనం కొన్న ధరకూ మధ్య ఎంతమంది ఉంటారో ఇక్కడా అంతే. తేడా ఏమిటంటే... ఇక్కడ రైతూ అతనే, సరుకూ అతనే.

గొలుసులో ఎవరెవరు?

పెద్ద పెద్ద అమెరికా కంపెనీలు కాంట్రాక్టు ఉద్యోగుల కోసం వందలాది ఏజెన్సీలతో విడివిడిగా మాట్లాడవు. ఆ బాధ్యతను ఒక నిర్వహణ సంస్థకు అప్పగిస్తాయి. దాన్ని ఎంఎస్‌పీ అంటారు. ఆ సంస్థ ఖాళీల వివరాలను తన జాబితాలోని కొన్ని ఏజెన్సీలకు పంపిస్తుంది. అవి ప్రైమ్ వెండార్లు. వాళ్ల దగ్గర సరైన మనిషి లేకపోతే కింద ఉండే సబ్ వెండార్లను అడుగుతారు. వాళ్లు ఇంకా కిందికి, ఇంజినీరు వీసా ఎవరి పేరు మీద ఉందో ఆ కంపెనీని అడుగుతారు. మనవాళ్లు 'ఎంప్లాయర్' అనీ, 'కన్సల్టెన్సీ' అనీ పిలిచేది ఈ చివరి మెట్టునే.

ఒక్కో మెట్టూ తన వాటా తీసుకున్నాకే మిగిలింది కిందికి జారుతుంది. లెక్క కోసం ఒక ఉదాహరణ చూద్దాం. క్లయింటు గంటకు 90 డాలర్లు ఇస్తోందనుకోండి. నిర్వహణ సంస్థ రెండు డాలర్లు తీసుకుంది. మిగిలింది 88. ప్రైమ్ వెండార్ 10 డాలర్లు ఉంచుకున్నాడు... 78. మధ్యలోని సబ్ వెండార్ 8 తీసుకున్నాడు... 70. ఎంప్లాయర్‌కూ ఇంజినీరుకూ మధ్య '80-20' ఒప్పందం ఉంది. అంటే 70లో 80 శాతం, 56 డాలర్లు ఇంజినీరువి. క్లయింటు వంద ఇస్తే ఇతనికి అందేది 62 అన్నమాట. అదీ పన్నులు కట్టకముందు.

ఇప్పుడు మధ్యలో ఉన్న సబ్ వెండార్‌ను తీసేసి చూడండి. ఎంప్లాయర్‌కు 78 వస్తుంది. ఇంజినీరు వాటా 62 డాలర్ల 40 సెంట్లు అవుతుంది. గంటకు ఆరు డాలర్ల నలభై సెంట్లు పెద్ద తేడాలా కనిపించదు. కానీ వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 2,080 పనిగంటలు. గుణిస్తే 13,312 డాలర్లు! అందుకే అనుభవమున్న కాంట్రాక్టర్లు ఏజెంటును అడిగే మొదటి ప్రశ్న రేటు గురించి కాదు. 'మీరు ప్రైమ్ వెండారా? మీకూ క్లయింటుకూ మధ్య ఇంకెవరున్నారు?' అనే.

వైటూకే రోజుల నుంచీ...

ఈ పద్ధతి నిన్నా మొన్నా పుట్టింది కాదు. హెచ్1బీ వీసా 1990 నాటి అమెరికా వలస చట్టంతో వచ్చింది. ఆ దశాబ్దం చివర్లో కంప్యూటర్లకు వైటూకే జ్వరం పట్టుకుంది. ప్రోగ్రామర్ల కోసం అమెరికా కంపెనీలు ఎగబడ్డాయి. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేయడం, కన్సల్టెన్సీలో చేరడం, విమానం ఎక్కడం... ఒక తరం జీవితాలు అలా మారిపోయాయి. 65 వేలుగా ఉన్న వార్షిక వీసాల పరిమితిని 2001 నుంచి 2003 ఆర్థిక సంవత్సరాల్లో ఏకంగా లక్షా 95 వేలకు పెంచారంటే అప్పటి గిరాకీని ఊహించుకోవచ్చు. ఆ తర్వాత మళ్లీ 65 వేలకు తగ్గించారు. అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా 20 వేలు కేటాయించారు.

మనుషుల్ని గంటల లెక్కన అద్దెకిచ్చే ఈ వ్యాపారానికి 'బాడీ షాపింగ్' అనే పేరు అప్పుడే స్థిరపడింది. షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ తిరిగి, తెలుగు ఇంజినీర్లతో, ఏజెంట్లతో మాట్లాడి 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' అని ఒక పుస్తకమే ప్రచురించారు. మన కట్నాల లెక్కలకూ ఈ వ్యాపారానికీ ఉన్న సంబంధం కూడా అందులో ఉంది.

80-20... దేంట్లో 80?

మనవాళ్ల మధ్య బాగా చెలామణీలో ఉన్న మాట '80-20' లేదా '70-30'. వినడానికి చాలా స్పష్టంగా ఉంటుంది. చిక్కు వచ్చేది ఆ 80 దేంట్లో అన్న దగ్గరే.

అమెరికాలో ప్రతి జీతం మీదా సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం కలిపి 7.65 శాతం ఉద్యోగి కడితే, అంతే మొత్తాన్ని యజమానీ కట్టాలి. (సోషల్ సెక్యూరిటీ భాగానికి ఏటా ఒక ఆదాయ పరిమితి ఉంటుంది.) ఈ యజమాని వాటాను తన 20లోంచి కడుతున్నాడా, ఇంజినీరు 80లోంచి తీస్తున్నాడా? రెండోదే అయితే పై ఉదాహరణలో 56 డాలర్లు కాస్తా 52 అవుతుంది. ఆరోగ్య బీమా ప్రీమియం కూడా అందులోంచే పోతే ఇంకా తగ్గుతుంది. పేరుకు 80-20... నిజానికి 70-30.

ఇంకో గారడీ శాతాల్లో ఉంది. ఏజెన్సీ మీకు గంటకు 60 డాలర్లిచ్చి, పైవాళ్ల దగ్గర 75 తీసుకుంటోందనుకోండి. తేడా 15. దాన్ని 75తో లెక్కిస్తే 20 శాతం. 60తో లెక్కిస్తే 25 శాతం. మొదటిది మార్జిన్, రెండోది మార్కప్. ఏజెంటు ఏ సందర్భంలో ఏది తక్కువగా కనిపిస్తే అదే చెబుతాడు. అందుకే శాతాలు వద్దు, డాలర్లలో చెప్పమనాలి. శాతం ఒప్పందమే చేసుకుంటే, పై వెండార్ ఇచ్చిన పర్చేజ్ ఆర్డర్ ప్రతి చూపించాలని ముందే కాగితం మీద రాయించుకోవాలి. మొత్తం ఎంతో తెలియకుండా అందులో 80 శాతానికి ఒప్పుకోవడమంటే, బస్తా బరువు చూడకుండా సరుకు కొన్నట్టే.

శాతం గొడవ లేకుండా ఏడాదికింత అని స్థిరమైన జీతం తీసుకునేవారూ ఉన్నారు. ఎంప్లాయర్‌కు గంటకు 70 డాలర్ల చొప్పున ఏడాదికి లక్షా 45 వేల 600 డాలర్లు వస్తుంటే, 95 వేల జీతమిస్తున్నాడనుకుందాం. గంటకు 45 డాలర్ల పైచిలుకు పడింది. నష్టంలా కనిపిస్తుంది. కానీ సెలవులకూ, ప్రాజెక్టు లేని రోజులకూ కూడా ఆ జీతం వస్తుంది. గంటల పద్ధతిలో పనిచేసిన గంటకే డబ్బు. ఫెడరల్ సెలవులు 11, సొంత సెలవులు 10, ప్రాజెక్టుకీ ప్రాజెక్టుకీ మధ్య రెండు వారాలు తీసేస్తే 2,080 గంటలు కాస్తా 1,832కు దిగుతాయి. గంటకు 56 డాలర్ల చొప్పున చూస్తే కాగితం మీద లక్షా 16 వేల 480, చేతికి లక్షా 2 వేల 592. రేటు అడిగేటప్పుడు ఈ ఖాళీ రోజుల్ని కూడా కలుపుకుని అడగాలి.

ఫోనుకు అటూ ఇటూ మనవాళ్లే

హైదరాబాద్‌లో సాయంత్రం క్యాబ్ ఎక్కి తెల్లవారుజామున ఇల్లు చేరే కుర్రాళ్లలో చాలామంది చేసే ఉద్యోగం 'యూఎస్ ఐటీ రిక్రూటర్'. ఖాళీగా ఉన్నవారిని ప్రాజెక్టుల్లోకి పంపేవాళ్లను 'బెంచ్ సేల్స్' అంటారు. రోజుకిన్ని రెజ్యూమేలు పంపాలి, నెలకిన్ని ప్లేస్‌మెంట్లు చేయాలి అని వీళ్ల మీద లక్ష్యాలుంటాయి. ఒక ఇంట్లో పెద్దబ్బాయి అట్లాంటాలో రేటు కోసం బేరమాడుతుంటే, చిన్నబ్బాయి మాదాపూర్‌లో కూర్చుని ఇంకెవరి రేటునో తగ్గించే పనిలో ఉండొచ్చు. వీళ్లిద్దరి మధ్యా ఫోన్ సంభాషణ దాదాపు ఇలా నడుస్తుంది.

'అన్నా, మీ ప్రొఫైల్‌కి అతికినట్టు సరిపోయే రిక్వైర్‌మెంట్ వచ్చింది. రేటు ఎంత పెట్టమంటారు?'

'బడ్జెట్ ఎంత ఉంది?'

'అది మాకు చెప్పరన్నా. మీ ఎక్స్‌పెక్టేషన్ చెప్పండి, మేనేజర్‌తో మాట్లాడతా.'

'60.'

'60 కష్టమన్నా. 52కి ఇద్దరు రెడీగా ఉన్నారు. ఇంకో గంటలో సబ్మిషన్ క్లోజ్ అయిపోతుంది...'

ఇందులో మూడు కిటుకులున్నాయి. ముందు మీ నోటితో అంకె చెప్పించడం ఒకటి. కనిపించని పోటీదారుల్ని చూపించడం రెండు. గడియారం చూపించి తొందరపెట్టడం మూడు. బడ్జెట్ తెలియకుండా ఏ రిక్రూటరూ వేట మొదలుపెట్టడు. పైనుంచి వచ్చిన గరిష్ఠ రేటు, తన ఏజెన్సీ ఉంచుకోవాల్సిన కనీస మొత్తం అతని ముందే ఉంటాయి. అతను ఆడేది ఆ రెండింటి మధ్యే.

అలాగని రిక్రూటర్ శత్రువేమీ కాదు. మీరు చేరితేనే అతనికి ఇన్సెంటివ్. పోట్లాట కంటే నిలకడగా జవాబివ్వడం మేలు. 'ఈ ఊళ్లో, ఈ నైపుణ్యానికి 62 నుంచి 68 నడుస్తోంది. డబ్ల్యూ2 మీదైతే 62కి తగ్గను, సీ2సీ అయితే వేరే లెక్క. మీ బడ్జెట్ అందులో ఉంటే పంపండి' అంటే చాలు. చెప్పే శ్రేణిలో కింది అంకె మీకు నిజంగా ఆమోదమైనదై ఉండాలి. ఎందుకంటే అవతలి మనిషి చెవికి వినిపించేది అదొక్కటే!

డబ్ల్యూ2 అంటే ఏజెన్సీ ఉద్యోగిగా జీతం తీసుకోవడం. సీ2సీ అంటే కంపెనీకీ కంపెనీకీ మధ్య ఒప్పందం. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవారు సొంత కంపెనీ పెట్టుకుని సీ2సీ చేస్తారు. అప్పుడు యజమాని వాటా పన్నూ, బీమా, అకౌంటెంటు ఫీజూ అన్నీ వాళ్లవే. సొంతంగా పనిచేసేవారికి ఆ పన్ను రెండు వాటాలూ కలిపి 15.3 శాతం. కాబట్టి సీ2సీ 65, డబ్ల్యూ2 65 ఒకటి కావు.

అడిగిన రేటు సబబైనదేనని నిరూపించుకునే ఆధారాలు ఇప్పుడు చేతిలోనే ఉన్నాయి. 2021లో కొలరాడోతో మొదలుపెట్టి, 2023లో కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు ఉద్యోగ ప్రకటనల్లో జీతం శ్రేణి వేయాలని చట్టాలు తెచ్చాయి. హెచ్1బీ కోసం కంపెనీలు అమెరికా కార్మికశాఖకు ఇచ్చే వేతన వివరాలూ బహిరంగమే. 'ఇప్పుడు మీకెంత వస్తోంది?' అని పాత జీతం అడగడాన్ని కాలిఫోర్నియా 2018 నుంచి నిషేధించింది. కంపెనీ నేరుగా అడిగినా, ఏజెంటుతో అడిగించినా తప్పే.

బేరానికీ ఓ వేళ ఉంది

రేటు గురించి మాట్లాడటానికి మూడు సందర్భాలు వస్తాయి. మూడింటి బలం ఒకటి కాదు.

మొదటిది రెజ్యూమే పంపేముందు. ఆ సమయంలో 'నా తరఫున ఫలానా క్లయింటు దగ్గరికి మీరు వెళ్లొచ్చు' అని అనుమతి పత్రం అడుగుతారు. దాన్ని ఆర్‌టీఆర్ అంటారు. అందులో రేటు, క్లయింటు పేరు, పని ప్రదేశం ఉండితీరాలి. ఫోన్లో ఒక అంకె, ఈమెయిల్లో ఇంకో అంకె ఉంటే చివరికి నిలిచేది ఈమెయిల్లోదే. ఒకే ఉద్యోగానికి ఇద్దరు ఏజెంట్లకు అనుమతి ఇవ్వడం మాత్రం ప్రమాదం. ఒకే మనిషి రెజ్యూమే రెండు దారుల్లో వస్తే, ఏజెన్సీల తగాదా ఎందుకని క్లయింటు రెండింటినీ పక్కన పడేసే అవకాశం ఉంది.

రెండోది ఇంటర్వ్యూ గెలిచి, సంతకం చేయని ఆ రెండు మూడు రోజులు. క్లయింటుకు మీరే కావాలి. ఏజెంటుకు కమీషన్ కళ్లముందు కనిపిస్తోంది. మీ బలం పతాకస్థాయిలో ఉండేది అప్పుడే. విచిత్రంగా చాలామంది తగ్గేది కూడా అప్పుడే. 'క్లయింటు బడ్జెట్ కోత పెట్టాడు, ఓ నాలుగు డాలర్లు తగ్గాలి' అని కబురొస్తుంది. నిజంగానే తగ్గించి ఉండొచ్చు, గొలుసులో ఎవరో తమ వాటా పెంచుకునీ ఉండొచ్చు. 'ఆర్‌టీఆర్‌లో రాసుకున్న రేటు మీదే ఇంటర్వ్యూకు వచ్చాను. తగ్గినదాన్ని అందరం సమానంగా పంచుకుందాం' అన్నది న్యాయమైన సమాధానం. సీదాగా అడిగితే నాలుగు కాస్తా రెండో ఒకటో అయిన సందర్భాలు తక్కువేం కాదు.

మూడోది పొడిగింపు. కాంట్రాక్టులు ఆరు నెలలకో ఏడాదికో ఉంటాయి. పని తెలిసిన మనిషిని వదులుకుని కొత్తవాణ్ని తెచ్చి నేర్పించడం క్లయింటుకు ఖర్చు, ఏజెన్సీకి రిస్కు. గడువుకు నెల ముందు, చేసిన పనుల చిట్టా పక్కన పెట్టుకుని ఈమెయిల్లో అడగాలి. ఆఖరి వారంలో అడిగితే బెదిరింపులా ఉంటుంది, అసలు అడగకపోతే పాత రేటే సాగుతుంది. పెరుగుదల వస్తే అది మొత్తం ఎవరికి చేరుతుందో కూడా తేల్చుకోవాలి. గంటకు ఒక్క డాలరు పెరిగినా ఏడాదికి 2,080 డాలర్లు. డాలరుకు 85 రూపాయల చొప్పున చూసినా లక్షా 76 వేల రూపాయలు!

నోరు నొక్కే గడియారం

మరి ఇంత తెలిసీ మనవాళ్లు ఎందుకు గట్టిగా అడగరు? మొహమాటం కొంత. అసలు కారణం వీసా.

చదువు పూర్తిచేసి ఓపీటీ మీద ఉన్న విద్యార్థి మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. స్టెమ్ పొడిగింపు దొరికితే అదీ ఇదీ కలిపి 150 రోజులు. హెచ్1బీ మీద ఉన్నవారి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా వేరే ఏర్పాటు చూసుకోవాలి. విద్యా రుణం వాయిదాలు ఇక్కడ అమ్మానాన్నల నెత్తిన ఉంటాయి. అవతలివాడు 40 అన్నా సరే అనిపించే పరిస్థితి అది. ఏజెంట్లకు ఈ సంగతి తెలుసు. 'మీ ఓపీటీ ఎప్పుడు మొదలైంది?' అనేది పలకరింపు ప్రశ్న కాదు, మీ బలహీనత కొలిచే టేపు.

దీనికి తోడు 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ విదేశాల్లో ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుం ప్రకటించారు. చిన్న కన్సల్టెన్సీల పునాదుల్నే కదిలించిన నిర్ణయం అది.

అయితే అదే వీసా చట్టాల్లో ఇంజినీరుకు బలమిచ్చేవీ ఉన్నాయి. హెచ్1బీ ఉన్నవారు వేరే కంపెనీకి మారాలంటే, కొత్త కంపెనీ దరఖాస్తు దాఖలు చేయగానే అక్కడ పని మొదలుపెట్టొచ్చు. 2000లో వచ్చిన చట్టం ఇచ్చిన వెసులుబాటిది. గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటాక పాత కంపెనీ దాన్ని ఉపసంహరించుకున్నా, వరుసలో మీ స్థానం పోదు. 'మా దగ్గర్నుంచి వెళితే నీ గ్రీన్‌కార్డు గోవిందా' అన్న బెదిరింపులో పస ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

చట్టం ఏమంటుందంటే...

హెచ్1బీ కంపెనీ కార్మికశాఖకు ఎల్‌సీఏ అనే హామీపత్రం ఇస్తుంది. ఫలానా పనికి, ఫలానా ఊళ్లో, కనీసం ఇంత వేతనం ఇస్తామని అందులో ఉంటుంది. దాని ప్రతిని ఉద్యోగికి ఇవ్వడం తప్పనిసరి. ప్రాజెక్టు లేదన్న కారణంతో ఆ వేతనం ఆపడం చట్టవిరుద్ధం. 'బెంచ్ మీద ఉంటే జీతం రాదు' అన్నది మనవాళ్లు విధిలా ఒప్పుకున్న మాటేగానీ, 1998లోనే చట్టం దాన్ని తప్పంది. అలా ఆపితే డబ్ల్యూహెచ్-4 ఫారంతో 12 నెలల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు చేశాడని కక్ష సాధించడమూ చట్టవిరుద్ధమే.

కంపెనీ కట్టాల్సిన వీసా రుసుములను ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదు. గ్రీన్‌కార్డు తొలిమెట్టయిన లేబర్ సర్టిఫికేషన్ ఖర్చులూ, దాని లాయరు ఫీజూ 2007 నుంచి యజమానే భరించాలి. రేటు తగ్గించడానికి 'నీ గ్రీన్‌కార్డు ఖర్చు మేమే పెట్టుకుంటున్నాం కదా' అంటే అది ఉపకారం కాదు, వాళ్ల బాధ్యత.

నకిలీ అనుభవం... నోటికి తాళం

ఈ గొలుసులో అన్నిటికన్నా చీకటి మూల ఇది. రెండేళ్ల అనుభవాన్ని ఎనిమిదేళ్లుగా రాసి, ఒకరి బదులు ఇంకొకరితో ఇంటర్వ్యూ చెప్పించే ఏజెంట్లున్నారు. రేటు ఎక్కువ వస్తుందని ఆశపెడతారు. తీరా చేరాక ఆ రేటులో సగం కూడా అందకపోయినా అడగలేరు. అడిగితే, రెజ్యూమేలో ఏముందో ఏజెంటు గుర్తుచేస్తాడు. వీసా అధికారుల ముందు అబద్ధం బయటపడితే పోయేది ఏజెంటు వీసా కాదు. బేరమాడే హక్కును నకిలీ రెజ్యూమే ముందే అమ్మేస్తుంది. ఇంజినీరు చేతిలోని అతిపెద్ద బలం తన పనికి తానే సాక్ష్యం చెప్పగలగడమే.

సంతకానికి ముందు ఇవి చూశారా?

* డబ్బు ఎన్నాళ్లకు: 'నెట్ 30' అంటే బిల్లు పంపిన 30 రోజులకు. 45, 60 కూడా ఉంటాయి. 'క్లయింటు ఇచ్చాకే మేమిస్తాం' అన్న వాక్యం ఉంటే తీయించండి, లేదా దానికో గడువు పెట్టించండి.

* అదనపు గంటలు: గంటకు 27.63 డాలర్లకు తగ్గకుండా తీసుకునే కంప్యూటర్ నిపుణులకు ఒకటిన్నర రెట్ల ఓవర్‌టైమ్ తప్పనిసరి కాదని ఫెడరల్ చట్టం మినహాయించింది. కాబట్టి 40 గంటలు దాటితే ఎంతన్నది ఒప్పందంలోనే ఉండాలి.

* 'ఆల్ ఇన్‌క్లూజివ్': ఈ మాట ఉంటే ప్రయాణం, బస ఖర్చులు మీవే. వేరే ఊరి ప్రాజెక్టయితే రేటు ఆ మేరకు పెరగాలి.

* నోటీసు: క్లయింటు ఒక్కరోజులో పంపించగలిగి, మీరు మాత్రం నాలుగు వారాలు చెప్పాలంటే సమానం చేయమని అడగండి.

* పోటీ నిషేధం: అదే క్లయింటు దగ్గర ఇన్నాళ్లు చేరకూడదన్న షరతు. కాలిఫోర్నియాలో ఉద్యోగుల మీద పెట్టే పోటీ నిషేధాలు చెల్లవు. చాలా రాష్ట్రాల్లో మాత్రం సహేతుకమైనంతవరకు చెల్లుతాయి. వ్యవధినీ, క్లయింట్ల జాబితానూ తగ్గించమనడం మామూలే.

* మధ్యలో మానేస్తే జరిమానా: హెచ్1బీ ఉద్యోగి ముందే వెళ్లిపోయాడని జరిమానా వేయకూడదు. నిజంగా జరిగిన నష్టానికి తగిన పరిహారం మాత్రం రాష్ట్ర చట్టాన్నిబట్టి అడగొచ్చు. రెంటికీ తేడా తేల్చుకోవడానికి లాయరుకిచ్చే ఫీజు దండగ కాదు.

లండన్‌లో అయితే...

బ్రిటన్‌లో కాంట్రాక్టర్లు గంట కంటే రోజు రేటు మీద ఎక్కువగా పనిచేస్తారు. సొంత కంపెనీ పేరుతో పనిచేస్తూ నిజానికి ఉద్యోగిలా ఉన్నవారిని పట్టుకునే ఐఆర్35 నిబంధన 2000లో వచ్చింది. ఎవరు దాని కిందికి వస్తారో తేల్చే బాధ్యతను 2017లో ప్రభుత్వ సంస్థలకు, 2021 ఏప్రిల్ నుంచి మధ్యస్థాయి, పెద్ద ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు. దాంతో చాలామంది 'అంబ్రెల్లా' కంపెనీల ద్వారా జీతం తీసుకోవడం మొదలైంది. ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది. ఏజెన్సీ చెప్పే రోజు రేటులోంచే యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్, అంబ్రెల్లా ఫీజు పోతాయి. అందుకే 2020 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరేవారికి, ఏ కోతలు పోయి చేతికెంత వస్తుందో నమూనా లెక్కతో ఒక పత్రం ఇవ్వాలని నిబంధన పెట్టారు. అది అడిగి తీసుకున్నాకే రేటుకు ఒప్పుకోవాలి.

హైదరాబాద్‌లో అయితే...

హైటెక్ సిటీలోనూ ఈ గొలుసుంది. 'థర్డ్ పార్టీ పేరోల్' అంటారు. నెలకు లక్ష అని చెప్పిన అంకె సీటీసీనా, చేతికొచ్చేదా అడగాలి. సీటీసీ అయితే అందులో భవిష్యనిధికి కంపెనీ కట్టే వాటా కూడా కలిసే ఉంటుంది. ఆరోగ్య బీమా ఎవరిది, 'ఆరు నెలల తర్వాత పర్మినెంట్' అన్న హామీ కాగితం మీద ఉందా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

ఉద్యోగిగా కాకుండా స్వతంత్రంగా బిల్లు వేసేవారు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. చెప్పిన రేటుకు జీఎస్టీ అదనమని బిల్లుకు ముందే తేల్చుకోకపోతే 18 శాతం మీ జేబుకే చిల్లు. ఉద్యమ్ నమోదు చేయించుకున్న సూక్ష్మ, చిన్న సంస్థలకు ఎంత ఒప్పందమున్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఒక మనిషి నడిపే సంస్థ అయినా ఇది వర్తిస్తుంది.

ఇంట్లోవాళ్లకూ ఓ పని

రేటు బేరం అమెరికాలో జరిగినా దాని బరువు చాలావరకు ఇక్కడి ఇళ్లలోంచే వెళుతుంది. 'ఫలానావాళ్ల అబ్బాయికి గంటకు 80 అట' అన్న మాట పిల్లల్ని ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేలా చేయగలదు. ఆ 80 క్లయింటు ఇచ్చేదా, చేతికొచ్చేదా, బీమా పోనా అన్నది ఆ చెప్పినవాళ్లకూ తెలియదు.

అంకె అడిగే బదులు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎల్‌సీఏ ప్రతి నీ దగ్గర ఉందా? జీతం చెక్కులూ, టైమ్‌షీట్లూ, ఒప్పందాలూ కంపెనీ ల్యాప్‌టాప్‌లో కాకుండా సొంతంగా దాచుకున్నావా? ప్రాజెక్టు ఆగిపోతే మూడు నెలలు గడిచేంత డబ్బు పక్కన ఉందా? ఈ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఖర్చులకు వెనకాల కొంత ఉందన్న ధైర్యం ఉన్నవాడే 'ఈ రేటుకు కుదరదు' అనగలడు. ఈ వారం వీడియోకాల్‌లో ఈ మూడూ అడిగి చూడండి.